మిస్సీ చిరునామా

అక్టోబర్ 3

పొద్దున మా నోరీ చెప్పే పాఠం మధ్యలో మళ్ళీ కంప్యూటర్ తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. అవతల సిబూ ఊళ్ళో ఆరేళ్ళ పిల్లాడు, 'ర' పలకడం రాదు. నాలుక ఎక్కడ ఆనించాలో నోరీ తన నోరు తెరిచి చూపిస్తోంది. సరిగ్గా అక్కడే ఆగిపోయింది. నాలుగు నిమిషాల పాటు ఆ పిల్లాడి ఎదుట తెర నిండా నోరీ నోరే. వాడు జడుసుకుని వాళ్ళమ్మ ఒళ్ళో దూరాడట. ఆవిడ ఫోను చేసి, "టీచర్, మీకేమైనా అయిందేమోనని హడలిపోయాం" అంది.

నాకు నవ్వొచ్చింది. నోరీకి రాలేదు.

"అమ్మా, నేను మాటలు నేర్పేదాన్ని. పెదవులు కనపడకుండా మాటలెలా నేర్పను? రేడియోలో ఈత నేర్పినట్టుంది నా బతుకు."

"వర్షం వల్లేమోనే."

"మన కూచింగ్‌లో వర్షం లేని రోజేదో చెప్పు. ఆ రోజే పాఠాలు పెట్టుకుంటా."

సాయంత్రం చూస్తే ఫ్రిజ్ తలుపు మీద మూడు కంపెనీల కాగితాలు అంటించి ఉన్నాయి. మా తాబేలుది లేదు. తాబేలంటే మా ఇంటర్నెట్ కంపెనీ. ఆ పేరు నోరీ పదో తరగతిలో ఉన్నప్పుడు పెట్టింది. అప్పటికీ ఇప్పటికీ దాని నడకలో మార్పు లేదు.

తాబేలు మంచిదే. నిదానం కానీ నమ్మకం.

అక్టోబర్ 4

వర్షం. తాబేలు బాగానే నడిచింది. మధ్యాహ్నం ఒక గంట ఆగింది, అంతే.

అక్టోబర్ 7

నోరీ నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. చంటిపిల్లలకు చెప్పేటప్పుడు ఎంత ఓపికో నాకూ అంతే ఓపిక. ఒక కంపెనీ స్తంభం నుంచి ఫైబర్ అనే గాజు తీగ లాగుతుంది. ఇంకొకటి కిటికీలో పెట్టుకునే డబ్బా ఇస్తుంది. మూడోది చవక, కానీ చెడిపోతే ఫోను ఎత్తరని పక్కింటివాళ్ళు చెప్పారట. గాజు తీగది మన వీధిలో అప్పుడే తొమ్మిది ఇళ్ళకు వచ్చింది. తొమ్మిది ఇళ్ళ తలుపులూ తట్టి అడిగొచ్చింది పిల్ల. వానలో ఎలా ఉంది, సాయంత్రం అందరూ వాడేటప్పుడు ఎలా ఉంది, చెడితే ఎన్ని రోజులకు వచ్చారు. అన్నీ రాసుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేశాను, ఇంత శ్రద్ధగా కేసు రాసుకున్న డాక్టరును చూడలేదు.

నేను చెప్పినవి: గోడకు కన్నం వేస్తారు. పిడుగు పడితే తీగ వెంట వస్తుంది. కొత్తవాళ్ళు మొదట్లో అందరూ మంచివాళ్ళే.

"గాజు తీగ వెంట పిడుగు రాదమ్మా. రాగి తీగ వెంటే వస్తుంది. పోయిన ఏడాది రెండు మోడెములు కాల్చింది మన తాబేలే."

"అయినా ఇరవై ఒక్క ఏళ్ళ అలవాటు."

నోరీ నా మొహంలోకి చూసి, "ఆ కంపెనీలో నీకెవరైనా పెళ్ళి మాట ఇచ్చారా?" అంది.

ఇద్దరం నవ్వాం. నేను కాస్త ఎక్కువ నవ్వానేమో.

అక్టోబర్ 9

నోరీ ఊరి నడిబొడ్డున పడుంగన్‌లో ఒక గది చూసిందట. మిఠాయి దుకాణం మీద గది. తీగ ఉంది, మంచం ఉంది, కిటికీ ఉంది. నెలాఖరులోగా చెప్పాలట.

"పాఠాల కోసమేనమ్మా. శనాదివారాలు వస్తాను. మన లక్సా నూడుల్స్ తినడానికైనా రావాలి కదా."

"మంచిదే. పెద్దదానివి."

మిదిన్ ఆకుకూర వేయించాను. ఉప్పు రెండుసార్లు వేశాను. నోరీ ఏమీ అనకుండా తినేసింది. ఏమీ అనలేదంటే వెళ్ళిపోవడానికి సిద్ధపడిందన్నమాట.

వెళ్తే వెళ్ళనీ. ఇరవై నాలుగు నిండబోయే పిల్ల. నేను ఆ వయసులో కపిట్‌లో, నది ఒడ్డున, ఒక్కదాన్నే ఆస్పత్రి నడిపాను.

అక్టోబర్ 10

వెళ్ళనీ అని రాశాను. రాసి, పొద్దున్నుంచి దాని గది గుమ్మం ముందు ఆరుసార్లు తిరిగాను.

ఇది నా పుస్తకం. నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులోనూ రాయకపోతే ఇక ఎక్కడ రాస్తాను?

నోరీని కన్నది జెలియా. పంతొమ్మిదేళ్ళ పిల్ల, కపిట్ దగ్గర ప్లైవుడ్ మిల్లులో పనిచేసేది. బొడ్డు పేగు కోసింది నేను. మూడో రోజున జెలియా, "మిస్సీ, మీరు పెంచుకుంటారా? మీ చేతులు వెచ్చగా ఉన్నాయి" అంది. మా దగ్గర నర్సును అందరూ మిస్సీ అనే పిలుస్తారు. రిటైరై ఆరేళ్ళయినా ఈ వీధికి నేనింకా మిస్సీనే. నాకు పెళ్ళి కాలేదు. అవుతుందన్న ఆశ కూడా అప్పటికి లేదు. కోర్టు కాగితాలన్నీ సక్రమంగా రాయించుకున్నాను. ఆ పిల్ల సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

నాలుగేళ్ళ తర్వాత కూచింగ్ ఆస్పత్రికి వచ్చింది. జొహోర్‌లో ఫ్యాక్టరీ పనికి పోతోంది. వరండాలో బల్ల మీద నోరీ బిస్కెట్ తింటూ కాళ్ళు ఊపుతోంది. జెలియా పది అడుగుల దూరంలో నిలబడి చూసింది. దగ్గరికి రమ్మన్నాను, తల అడ్డంగా ఊపింది. "ఏడాదికోసారి అడుగుతాను మిస్సీ. అంతే. ఎక్కడికి రాసి అడగను?" అంది. అప్పుడే నాకు ఈమెయిల్ వచ్చిన కొత్త, గొప్పగా ఉండేది. మందుల చీటీ వెనక రాసిచ్చాను. missybibi, ఆ తర్వాత తాబేలు పేరు.

"ఇది మారదు కదా?"

"నేను బతికున్నంత కాలం మారదు" అన్నాను.

ఆ ఏడాది నుంచి ప్రతి నవంబర్ పద్నాలుగున, నోరీ పుట్టినరోజున, ఒక ఉత్తరం వస్తుంది. ఇరవై వచ్చాయి. ప్రతిసారీ వేరే చిరునామా నుంచి. ఇంటర్నెట్ దుకాణం, స్నేహితురాలు, ఫ్యాక్టరీ, ఎవరి ఫోనో. "మిస్సీ, ఇవాళ పుట్టినరోజు. పాప బాగుందా? అన్నం తింటోందా?" నేను "బాగుంది" అని రాస్తాను. మర్నాడు ఆ చిరునామా ఉంటుందో లేదో తెలియదు. ఆవిడది తిరిగే చిరునామా. నాది ఒక్కటే నిలకడ.

తాబేలును వదిలితే ముప్ఫై రోజుల్లో ఆ చిరునామా పోతుంది.

నోరీకి పెంచుకున్నానని చెప్పాను, చిన్నప్పుడే. కన్నతల్లి ఎక్కడుందో తెలియదన్నాను. అది అబద్ధం కాదు. ఎక్కడుందో నాకు నిజంగానే తెలియదు.

అక్టోబర్ 12

తాబేలు ఆఫీసుకు వెళ్ళాను. టోకెన్ 84. కిటికీ దగ్గర హల్వా రంగు తలగుడ్డ కట్టుకున్న అమ్మాయి.

"లైను తీసేసి ఈమెయిల్ ఒక్కటి ఉంచుకోవచ్చా అమ్మా?"

"కుదరదాంటీ. ఈమెయిల్ అంటే లైనుకి తోకలాంటిది. కుక్కని తీసుకెళ్ళి తోక ఇక్కడ పెట్టమంటే ఎలా?"

"మరి నేను ఇరవై ఏళ్ళ నుంచి వాడుతున్నది?"

"పేరు మీదే ఆంటీ. వెనక ఉన్నది మాది." అని ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "మా అమ్మక్కూడా ఇదే గొడవ. నేను ఇక్కడ పనిచేస్తూ కూడా మాది వాడొద్దని చెప్పా. నేను చెప్పానని ఎవరికీ చెప్పకండి" అంది.

బస్సులో వస్తూ తీర్మానించుకున్నాను. రెండూ ఉంటాయి. నోరీకి గాజు తీగ. నాకు తాబేలు. ఎవరికీ నష్టం లేదు.

అక్టోబర్ 17

గాజు తీగ వచ్చింది. నడివయసు మనిషొకడు నిచ్చెనేసుకుని వచ్చి, గోడకు చిటికెన వేలంత కన్నం వేసి, ఆ కన్నంలోంచి వచ్చిన ధూళిని తనే ఊడ్చి వెళ్ళాడు. నేను చెప్పిన వంకల్లో ఒకటి అక్కడికక్కడే చచ్చింది.

నోరీ సిబూ పిల్లాడికి ఫోను చేసింది. తెర మీద వాడి పళ్ళ మధ్య ఇరుక్కున్న అన్నం మెతుకు కూడా కనపడింది. వాడు "ర్ర్ర్" అని లాగాడు. నోరీ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, నేను చేతిలో గరిటె పట్టుకుని ఉండగానే నన్ను గిరగిరా తిప్పింది.

"గది వద్దని చెప్పేశానమ్మా. మిఠాయి దుకాణం వాడు తెగ బాధపడ్డాడు."

"నువ్వు తినే మిఠాయి లెక్కేసుకుని ఉంటాడు."

"తాబేలుని తీసేశావు కదా?"

"తీసేశాను."

అబద్ధం. ఇది మాత్రం అబద్ధమే.

అక్టోబర్ 18

పాత మోడెము నా బట్టల బీరువాలో, చీకట్లో పచ్చగా మిణుకుతోంది.

అక్టోబర్ 26

దొరికిపోయాను.

నోరీ ఇస్త్రీ బట్టలు పెట్టడానికి బీరువా తెరిచింది. తర్వాత నా ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అమ్మా, బీరువాలో తాబేలు బతికే ఉంది."

నేను పచ్చిమిర్చి తొడిమలు తీస్తూ ఉన్నాను. తీస్తూనే ఉన్నాను.

"ఎవరి కోసం దాచావు?"

"పాత చిరునామా ఉంటుందని... నలుగురికీ తెలిసింది కదా..."

"నలుగురా, ఒక్కరా?" అని కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది. కళ్ళు మెరుస్తున్నాయి. "లాబాన్ అంకులేనా?"

లాబాన్ గారు మా చర్చిలో నేను పాడే పాటల బృందానికి పెద్ద. భార్య పోయి ఎనిమిదేళ్ళయింది. పాటల కాగితాలు ఫోటో తీసి ఈమెయిల్‌లో వారానికి ముప్ఫై పంపుతారు. మొహం మీద ఒక్క వెంట్రుక లేదు, కనుబొమలు తప్ప. అవి మాత్రం ఒక గడ్డానికి సరిపోయేంత ఉంటాయి.

"ఛీ, నోరు మూసుకో!"

"సిగ్గు పడుతోంది! అమ్మా, నాకేం అభ్యంతరం లేదు. కనుబొమలు కత్తిరించుకోమని చెప్పు చాలు."

నేను కాదనలేదు. పచ్చిమిర్చి చేత్తో కన్ను రుద్దుకున్నాను. నీళ్ళు కారాయి. నోరీ అది చూసి ఇంకా నమ్మింది.

పాపం లాబాన్ గారు. ఆయన్ను అడ్డం పెట్టుకున్నాను.

నవంబర్ 2

తాబేలు నుంచి ఉత్తరం. "గౌరవనీయులైన ఖాతాదారులకు..." నవంబర్ ముప్ఫై నుంచి ఇళ్ళ ఖాతాదారులందరికీ ఈమెయిల్ సేవ ఆపేస్తున్నారట. లైను ఉంచుకున్నా సరే. ఉత్తరం చివర నవ్వుతున్న అమ్మాయి బొమ్మ.

మూడుసార్లు చదివాను. ఇరవై ఒక్క ఏళ్ళు ఒక్క నెల ఆలస్యం లేకుండా కట్టాను.

పద్నాలుగుకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆవిడ ఉత్తరం వస్తుంది. అప్పుడు జవాబులో కొత్త చిరునామా ఏదో ఒకటి చెప్తే సరి. అంతే కదా. ఎందుకింత కంగారు.

నవంబర్ 5

నోరీ ఆ ఉత్తరం చూసింది. "చూశావా, మనం వదలకపోయినా తనే వదిలేసింది" అని, నాకు సొంత చిరునామా చేస్తానని కూచుంది.

"మళ్ళీ ఇంకో కంపెనీదేగా?"

"కాదు. విను. నీ ఉత్తరాలు వచ్చే దారి ఒకటి. అవి పడే పెట్టె ఒకటి. దాని మీద రాసుకునే పేరు ఇంకొకటి. ఈ మూడూ తాబేలు దగ్గరే పెట్టావు, అదీ నువ్వు చేసిన తప్పు. ఇప్పుడు పేరు వేరే కొందాం. ఏడాదికోసారి కడుతూ ఉన్నన్నాళ్ళూ ఆ పేరు నీది. పెట్టె నచ్చకపోతే పెట్టె మార్చు, దారి నచ్చకపోతే దారి మార్చు. పేరు కదలదు. రాసేవాళ్ళకి తెలియను కూడా తెలియదు."

ఇంత తేలికా అనుకున్నాను. ఇరవై ఏళ్ళ కింద నా ఎదుట ఇలా కూచుని చెప్పేవాళ్ళు ఉండాల్సింది. కానీ అప్పుడు దీనికి నాలుగేళ్ళు.

"ముందు ఎవరెవరికి చెప్పాలో రాయి. నేను అందరికీ పంపుతా" అని కాగితం ఇచ్చింది.

పింఛను ఆఫీసు, బ్యాంకు, చర్చి, లాబాన్ గారు, కపిట్‌లో నాతో పనిచేసిన ఇద్దరు. ఇలా పదకొండు పేర్లు రాశాను. పన్నెండు అని అంకె వేసి, పక్కన ఏమీ రాయలేదు.

"పన్నెండు ఎవరు?"

"గుర్తొస్తే రాస్తాను."

నవంబర్ 8

2018లో వచ్చిన ఉత్తరం తీసి చదివాను. అదొక్కటే కాస్త పొడుగు. "పాపకి ఇరవై ఒకటి వచ్చాక నా గురించి చెప్పండి మిస్సీ. కోపంగా ఉంటే వద్దు. అడిగితేనే."

ఇరవై ఒకటి వచ్చి మూడేళ్ళు కావస్తోంది. మొదటి ఏడాది నోరీకి పరీక్షలు. రెండో ఏడాది కరోనా. మూడో ఏడాది ఏముంది? ఏదో ఉండే ఉంటుంది.

నవంబర్ 13

కేక్ లాపిస్ తెచ్చాను, పద్దెనిమిది పొరలది. నోరీ ఒక్కో పొరా విడదీసి తింటుంది, చిన్నప్పటి నుంచీ.

నవంబర్ 14

పుట్టినరోజు. పొద్దున కోలో మీ నూడుల్స్ తిన్నాం. మధ్యాహ్నం దాని స్నేహితులు వచ్చారు. సాయంత్రం కేక్.

పదిసార్లు చూశాను. ఉత్తరం రాలేదు.

నవంబర్ 15

రాలేదు. పని ఎక్కువై ఉంటుంది.

నవంబర్ 16

రాలేదు.

ఆవిడకి నలభై మూడేళ్ళు. నా ఆస్పత్రి రిజిస్టర్లలో నలభై మూడేళ్ళకు పోయినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. నా చేతుల మీదే పోయారు. అలా ఆలోచించకూడదు.

పాటల సాధనకు వెళ్ళలేదు.

నవంబర్ 17

లాబాన్ గారే ఇంటికి వచ్చారు, నేను రాలేదని. నోరీ ఆయనకు కుర్చీ వేసి, టీ ఇచ్చి, కనుబొమల కేసి చూస్తూ నిలబడింది. నాకు చచ్చినంత పనైంది.

"మిస్సీ, క్రిస్మస్ పాటలు పంపితే వారం నుంచి వెనక్కొస్తున్నాయండీ. పెట్టె నిండిందని వస్తోంది."

"ఏ పెట్టె?"

"మీదేనండీ. ఈమెయిల్ పెట్టె."

కంప్యూటర్ తెరిచాను. పైన ఎర్రటి గీత, దాని మీద ఏదో రాసి ఉంది. నెల నుంచీ ఉంది అది. ప్రకటన అనుకున్నాను. ఆయన పాటల ఫోటోలే పెట్టె నిండా. ఆయన పాటలు తిరిగి వెళ్ళాయంటే ఆవిడ ఉత్తరమూ తిరిగి వెళ్ళి ఉంటుంది. వెనక్కొచ్చిన ఉత్తరం చూసుకుని ఏమనుకుంటుంది? మిస్సీ మాట తప్పిందని. లేదా మిస్సీ పోయిందని.

ఎలా ఖాళీ చేయాలో నాకు తెలియదు. నోరీకి తెలుసు. దానికి ఆ పెట్టె ఇస్తే, అందులో ఆ ఇరవై ఉత్తరాలున్నాయి.

లాబాన్ గారిని అడిగితే చేస్తారు. ఆఫీసు కిటికీలో ఆ అమ్మాయిని అడిగినా చేస్తుంది.

వద్దు. రేపు నోరీకే చెప్తాను. ఇక్కడ రాశాను కాబట్టి చెప్పాలి.

నవంబర్ 18

చెప్పాను.

పాఠాలయ్యాక, పన్నెండింటికి. "పన్నెండో పేరు జెలియా" అని మొదలుపెట్టాను. అక్కడి నుంచి వరసగా, ఆపకుండా. నోరీ నా పెదవులనే చూస్తూ కూచుంది, తన పాఠాల పిల్లల పెదవులు చూసినట్టు. అయిపోయాక అడిగింది.

"ప్రతి ఏడాదీనా?"

"ప్రతి ఏడాదీ."

"నేను చిన్నప్పుడు అడిగేదాన్ని. నా పుట్టినరోజు ఆవిడకి గుర్తుంటుందా అని. నువ్వు ఏమనేదానివో గుర్తుందా?"

గుర్తుంది. దేవుడికి తెలియాలి అనేదాన్ని.

"దేవుడికి కాదమ్మా. నీకే తెలుసు."

లేచి వెళ్ళి పెట్టె తెరిచి, ఎర్ర గీత పోయేదాకా పాటలన్నీ తుడిచేసింది. ఆ ఇరవై ఉత్తరాలు ముట్టుకోలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నవంబర్ 19

నోరీ తబువాన్‌లో స్నేహితురాలి ఇంట్లో ఉంది. "తిన్నాను, బాగున్నాను" అని ఫోన్లో రెండు మాటలు రాసి పంపింది. ఇరవై ఏళ్ళు నేనూ 'బాగుంది' అని ఒక్క మాటే రాశాను. అవతల చదివిన మనిషికి ఎలా ఉండి ఉంటుందో ఇవాళ తెలిసింది.

నవంబర్ 20

వచ్చింది. మధ్యాహ్నం, వానలో తడిసి. గొడుగు చేతిలోనే ఉంది, మూసి.

తువ్వాలు ఇచ్చాను. తల తుడుచుకుంటూ, మొహం కనపడకుండా, "ఎందుకు చెప్పలేదు?" అంది.

ఆ ప్రశ్నకు రెండు రోజులుగా జవాబులు తయారుచేసుకున్నాను. పరీక్షలు, కరోనా, నీ మనసు నొచ్చుకుంటుందని.

"నువ్వు వెళ్ళిపోతావని" అన్నాను.

తువ్వాలు తీసి నా వంక చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంటర్నెట్ కోసం పడుంగన్ పోతానంటే ఉప్పు రెండుసార్లు వేశావు. దీనికి వెళ్ళిపోతానని ఎన్నేళ్ళు ఉప్పు వేసుకుంటూ కూచున్నావమ్మా?"

తర్వాత ఇద్దరం కూచుని ఆ ఇరవై చదివాం. నా జవాబులు కూడా. పదో దాని దగ్గర నోరీ ఆగింది.

"'బాగుంది'. 'బాగుంది'. 'బాగుంది'. అంతేనా అమ్మా? నాకు నాట్యంలో బహుమతి వచ్చిన ఏడాది కూడా 'బాగుంది'. చెయ్యి విరిగిన ఏడాది కూడా 'బాగుంది'. నేనంత చప్పటి పిల్లనా?"

"ఎక్కువ రాస్తే చూడాలనిపిస్తుందేమోనని..."

"ఆవిడకా, నాకా?"

నేను పదకొండో ఉత్తరం తెరిచాను.

సాయంత్రం పేరు కొంది. missybibi, నాదే, వెనక ఏ తాబేలూ లేదు. పాస్‌వర్డ్ నాచేతే పెట్టించింది. తనకు చెప్పొద్దంది. "నీ పెట్టె నీది. నాకు వేరే చేసుకుంటా, నీ పేరు పక్కన" అని తనకూ ఒకటి చేసుకుంది, ముందు తన పేరు, వెనక నా పేరు తోకగా. తర్వాత ఆ ఇరవై పాత చిరునామాలకూ ఉత్తరం పంపాం. నోరీయే రాసింది. నన్ను చూడనివ్వలేదు.

నవంబర్ 21

పదిహేడు వెనక్కొచ్చాయి.

నవంబర్ 22

ఇంకొకటి. మిగిలినవి రెండు. నోరీ పాఠానికీ పాఠానికీ మధ్య వచ్చి చూసి పోతోంది. ఏమీ అడగదు. నేనూ చెప్పను. మా ఇంట్లో ఇంత నిశ్శబ్దం, ఇంత మర్యాద ఎప్పుడూ లేదు. నాకు నచ్చలేదు.

నవంబర్ 24

తిట్టుకున్నాం, దేవుడి దయ వల్ల. తడి చెప్పులు గుమ్మంలో వదిలినందుకు నేను, చల్లారిన టీ మూడుసార్లు వేడిచేసినందుకు అది. గట్టిగానే. పక్కింటివాళ్ళు కిటికీ వేసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరికీ ఆకలేసింది.

నవంబర్ 27

వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి, పాత పెట్టెకే. అది మూతపడటానికి మూడు రోజుల ముందు. మళ్ళీ కొత్త చిరునామా నుంచి. మొత్తం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"మిస్సీ, పద్నాలుగున రాశాను, వెనక్కొచ్చింది. పదహారున రాశాను, వెనక్కొచ్చింది. ఇంకోసారి చూద్దామని రాస్తున్నాను. మీరు బాగున్నారా? ఒంట్లో ఎలా ఉంది? ఇన్నేళ్ళూ పాప గురించే అడిగాను, మీ గురించి ఒక్కసారీ అడగలేదు. వెనక్కొచ్చినప్పుడు గుర్తొచ్చింది. నేను ఇప్పుడు బింతులులో క్యాంటీన్‌లో వంట చేస్తున్నాను. జెలియా."

నా గురించి.

నోరీ పాఠంలో ఉంది. గాజు తలుపులోంచి వేలితో సైగ చేశాను. నా మొహం చూసి, తెర మీది పిల్లాడికి "నువ్వు పదిసార్లు 'రంబుటాన్' అంటూ ఉండు, ఇప్పుడే వస్తా" అని చెప్పి వచ్చింది. నా భుజం మీదుగా చదివింది. లోపల ఆ పిల్లాడు రంబుటాన్, రంబుటాన్ అంటూనే ఉన్నాడు.

"బింతులు! ఇక్కడికి విమానంలో గంట కూడా పట్టదమ్మా" అంది. నా మెడ చుట్టూ చెయ్యి వేసి అలాగే నిలబడింది.

"నువ్వు రాయి" అని లేవబోయాను.

"నిన్ను అడిగింది. నువ్వే రాయి. మళ్ళీ 'బాగుంది' ఒక్కటే రాశావో, చూడు!"

రాశాను. మోకాళ్ళ నొప్పి, చక్కెర, కంటి ఆపరేషన్, పాటల బృందం. నోరీ సంగతి రెండు పుటలు. నాట్యం బహుమతి, విరిగిన చెయ్యి, పొరలు విడదీసి కేక్ తినడం, తొమ్మిది ఇళ్ళ తలుపులు తట్టడం. మూడేళ్ళు ఆలస్యం చేశానని, తప్పు నాదేనని. చివర కొత్త చిరునామాలు రెండూ. ఈసారి మారదు అని రాయలేదు. నాకు సొంతమని రాశాను.

నవంబర్ 30

తాబేలు ఆఫీసుకు వెళ్ళి లైను తీయించేశాను. అదే అమ్మాయి. "ఈసారి కుక్కనీ తోకనీ రెండూ వదిలేస్తున్నా" అన్నాను. టీ తాగి వెళ్ళమంది.

డిసెంబర్ 4

ఆదివారం. లక్సా తిని వచ్చేసరికి నోరీ పెట్టెలో ఉత్తరం ఉంది. నాకు కాదు, దానికే. దాని పేరు మీద, జెలియా నుంచి.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. బియ్యం కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను. వెళ్ళి చూడాలని కాళ్ళు లాగుతున్నాయి, వెళ్ళలేదు. నా జీవితంలో ఇంత కష్టమైన డ్యూటీ చేయలేదు.

చాలాసేపటికి నోరీ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ముక్కు ఎర్రగా ఉంది, నవ్వుతోంది.

"అమ్మా, సెలవుల్లో వస్తానంటోంది. నీకిష్టమైతేనే అంటోంది."

"రానీ. చాప పాతదైంది, కొత్తది కొనాలి."

"ఇంకోటి కూడా రాసింది. 'నన్ను ఏమని పిలుస్తావు? అమ్మ అనొద్దు, అది మిస్సీ పేరు. వేరే ఏదైనా ఆలోచించి చెప్పు' అని." నోరీ కాలి బొటనవేలితో నేల గీస్తోంది. "ఏమని పిలవనమ్మా? జెలియా అంటే బాగుండదు. ఆంటీ అంటే బస్సులో పక్క సీటు ఆవిడలా ఉంటుంది."

ఆలోచించాను. నిజంగా ఆలోచించాను, స్టవ్ ఆపి, కుర్చీలో కూచుని. ఆవిడకి నలభై మూడు, నాకు అరవై రెండు. ఒకే బిడ్డకు ఒకరు పేగు, ఒకరు చేతులు. ఇలాంటి వరసకు పేరేమిటి? మా ఇంట్లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. చెల్లెలు కావాలని చిన్నప్పుడు మా అమ్మను ఎంత పోరానో.

"పిన్ని అని పిలు" అన్నాను.

నోరీ ఆ మాటను నోట్లో ఒకటి రెండుసార్లు తిప్పి చూసుకుంది. పెదవులు ఎలా కలుస్తున్నాయో చూసుకున్నట్టు. తర్వాత లోపలికి వెళ్ళి రాయడం మొదలుపెట్టింది.